కంప్యూటర్ సెట్టింగులు ‘వాటంతటవే’ మారవు

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్ నారాయణగూడలో 20 ఏళ్లకు పైగా ఒక చిన్న పద్దుల కార్యాలయం నడుపుతున్నాను. దుకాణదారులకు, చిన్న తయారీదారులకు లెక్కలు రాసి, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయడం మా పని. మాలాంటి కార్యాలయాలు హిమాయత్‌నగర్‌లో, చిక్కడపల్లిలో, కోఠిలో, రాణిగంజ్‌లో ఏ మెట్లెక్కినా కనిపిస్తాయి. అయిదారు కంప్యూటర్లు, వాటిని తీగలతో ఒకదానితో ఒకటి కలిపే ఒక స్విచ్, నెట్‌ను అందరికీ అందించే ఒక రౌటర్, అందరూ పంచుకునే ఒక ప్రింటర్, లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము డేటా ఉంచిన ఒక కంప్యూటర్ ఉంటాయి. ఆ చివరిదాన్నే సర్వర్ అంటాము. కంప్యూటర్ల బాగోగులు చూడడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగిని పెట్టుకునే స్థోమత మాకు ఉండదు. ఈ కార్యాలయాల్లో తరచుగా వినపడే ఒక ఫిర్యాదు గురించి, దానికి మేమందరం చేయిస్తున్న తప్పు వైద్యం గురించి మీ పత్రిక ద్వారా తోటివారికి చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం దాకా చక్కగా పనిచేసిన కంప్యూటరులో ఈ ఉదయం నెట్ రాదు. లేదా నెట్ వస్తుంది గానీ సర్వర్ కనపడదు. రెండూ ఉంటే ప్రింటర్ దొరకదు. సెట్టింగులు తెరిచి చూస్తే, ఎవరూ ముట్టుకోని అంకెలు మారి ఉంటాయి. “వాటంతటవే మారిపోయాయి” అని మేమంటాము. మరమ్మతుకు వచ్చిన కుర్రాడూ అదే మాట అంటాడు. ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. కానీ నెట్‌వర్క్ సెట్టింగు దానంతట అది మారదు. ఒక మనిషో, ఒక పరికరమో, ఒక ప్రోగ్రామో, ఒక అప్‌డేటో దాన్ని మారుస్తుంది. ఏది మార్చిందో తెలుసుకోకుండా పాత అంకెలు తిరిగి వేసుకున్నా, ఏకంగా ఫార్మాట్ కొట్టించినా, మార్చినది అక్కడే ఉంటుంది కాబట్టి మళ్లీ మారుస్తుంది. ఈ సంగతి నేను మూడు రోజుల నష్టంతో తెలుసుకున్నాను.

గత నెల 18వ తేదీ ఉదయం మా కార్యాలయంలోని ఏడు కంప్యూటర్లలో మూడింటికి ట్యాలీ డేటా అందలేదు, నెట్ కూడా రాలేదు. నెలవారీ జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీకి గడువు 20వ తేదీ. అది దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టవలసిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ మా ఖాతాదారు మీద పడతాయి. లెక్కలన్నీ సిద్ధంగా ఉండి కూడా మా యంత్రాల లోపం వల్ల ఆయన డబ్బు పోగొట్టుకుంటే ఆ ముఖం మేము ఎలా చూడగలం? ఆ తొందరలో, ఏం జరిగిందో ముందు చూడమని అడగకుండా, ఎలాగైనా బాగుచేయమని మాత్రమే మరమ్మతుకు వచ్చిన అబ్బాయిని అడిగాము. అతను ఒక కంప్యూటరులో విండోస్ సెట్టింగుల్లో ఉండే నెట్‌వర్క్ రీసెట్ నొక్కాడు. చాలామంది దాన్ని మొదటి మందుగా వాడతారు గానీ, అది చేసే పని చిన్నది కాదు. కంప్యూటరులోని నెట్‌వర్క్ అడాప్టర్లన్నిటినీ తీసేసి, తిరిగి అమర్చి, వాటి సెట్టింగులను మొదటి రోజు ఉన్న స్థితికి తెస్తుంది. చేత్తో రాసుకున్న ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటరు చిరునామాగా ఉండే అంకెలు, పోతుంది. వీపీఎన్ ప్రోగ్రాముల వంటివి మళ్లీ అమర్చుకోవలసి రావచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌ను విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా, అంటే నమ్మకూడని బయటి నెట్‌వర్క్‌గా, లెక్కగడుతుంది కాబట్టి ఆ కంప్యూటరులోని ఫోల్డర్లు, దానికి తగిలించిన ప్రింటర్ మిగతావారికి కనపడవు. అసలు రోగం కుదిరిన తరువాత కూడా మా ప్రింటర్ మరో పూట పనిచేయకపోవడానికి కారణం ఇదే.

నెట్ మాత్రం రాలేదు. మరుసటి రోజు రెండో కంప్యూటరును ఫార్మాట్ చేశారు. డిజిటల్ సంతకం టోకెన్‌కు కావలసిన డ్రైవరు, పోర్టల్‌లో సంతకం చేయించే ప్రోగ్రాము, తెలుగు కీబోర్డు, ఖాతాదారుల వారీగా దాచుకున్న బ్రౌజర్ గుర్తులు అన్నీ పోయాయి. వాటిని ఒక్కొక్కటిగా తిరిగి అమర్చుకునేసరికి సాయంత్రమైంది. అంతా అయ్యాక చూస్తే, ఫార్మాట్ అయిన కంప్యూటరు కూడా ముందటి తప్పు అంకెలనే తెచ్చుకుని కూర్చుంది. కొత్తగా విండోస్ ఎక్కించిన యంత్రానికి కూడా అదే రోగం వచ్చిందంటే, రోగం యంత్రంలో లేదని అప్పటికైనా మాకు తట్టాలి.

ఆ రాత్రి అందరూ వెళ్లిపోయాక, పనిచేస్తున్న కంప్యూటరునూ పనిచేయని కంప్యూటరునూ పక్కపక్కన పెట్టుకుని, రెండింటిలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఆల్ అని కొట్టాను. వచ్చిన వరుసలను ఒక తెల్ల కాగితం మీద రెండు నిలువు గళ్లుగా రాసుకున్నాను. పద్దులు రాసేవాడికి తెలిసిన విద్య అదొక్కటే: రెండు ఖాతాలు పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో చూడడం. పనిచేస్తున్నదాని ఐపీ అడ్రస్ 192.168.1.24, గేట్‌వే (నెట్‌కు వెళ్లే ద్వారం అడ్రస్) 192.168.1.1. పనిచేయనిదాని అడ్రస్ 192.168.0.102, గేట్‌వే 192.168.0.1. చివరి నుంచి రెండో అంకెలో ఉన్న ఒకటికీ సున్నాకూ తేడా ఇదంతా. ఆ రెండూ రెండు వేర్వేరు వీధుల ఇళ్ల లాంటివి; ఒకే స్విచ్‌కు తగిలించి ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. అదే జాబితాలో డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుస ఉంది. ఈ అడ్రస్‌ను కంప్యూటరుకు ఎవరు ఇచ్చారో ఆ వరుస చెబుతుంది. పనిచేయని కంప్యూటరులో అక్కడ 192.168.0.1 అని ఉంది. మా రౌటర్ అడ్రస్ అది కాదు. అదే జాబితాలో, అడ్రస్ ఏ తేదీన, ఎన్ని గంటలకు ఇచ్చారో కూడా రాసి ఉంది.

అంటే మా కార్యాలయంలో మాకు తెలియని రెండో పెట్టె ఏదో అడ్రస్‌లు పంచుతోంది. ఏఆర్‌పీ అని కొట్టి, గీత పెట్టి, ఏ అని కొడితే ఆ పెట్టెకు తయారీలోనే ఇచ్చిన గుర్తింపు, అంటే హార్డ్‌వేర్ అడ్రస్, వచ్చింది. మా రౌటర్ అడుగున అంటించిన చీటీ మీది అక్షరాలతో అది కలవలేదు. స్విచ్ నుంచి బయలుదేరిన తీగలను ఒక్కొక్కటిగా పట్టుకుని నడిచాను. వెనుక గదికి వెళ్లే తీగ చివర, బీరువా వెనుక, పచ్చ దీపాలు వెలుగుతున్న చిన్న రౌటర్ దొరికింది.

ఆ రౌటర్ కథ మన నగరంలో చాలా కార్యాలయాల కథ. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో పలువురు మరణించిన తరువాత, విద్యుత్ స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తొలగించడం ముమ్మరమైంది. మనుషుల ప్రాణాలకన్నా నెట్ ఎక్కువ కాదు కాబట్టి ఆ తొలగింపును నేను తప్పుపట్టను. కానీ ఆ రోజుల్లో ఫైబర్ తెగిపోయిన కార్యాలయాలు ఎవరికి తోచిన దారి వాళ్లు వెతుక్కున్నాయి. కొందరు ఫోన్ హాట్‌స్పాట్ మీద పని నడిపారు, కొందరు రెండో కనెక్షన్ తీసుకున్నారు. మేము సిమ్ కార్డు వేసుకునే ఒక రౌటర్ కొన్నాము. ఫైబర్ తిరిగి వచ్చాక అది బీరువాలోకి వెళ్లింది. గత నెల 17వ తేదీ సాయంత్రం, వెనుక గదిలో ఫోన్లకు వైఫై సరిగా అందడం లేదని, మా ఉద్యోగి ఒకరు మంచి ఉద్దేశంతోనే దాన్ని బయటికి తీసి, గోడ దగ్గరున్న తీగను దాని ల్యాన్ రంధ్రంలో గుచ్చారు. సిమ్ కార్డు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ రౌటర్‌కు తనకే నెట్ లేదు; అయినా అడిగిన ప్రతి కంప్యూటరుకూ అడ్రస్ ఇచ్చి, “నెట్‌కు నా మీదుగా వెళ్లు” అని చెబుతూ ఉంది. ఆ ఉద్యోగిని నేను కోప్పడలేదు. ఆ పెట్టెను తగిలించే ముందు అడగాలన్న నియమం మా కార్యాలయంలో ఎక్కడా లేదు. అది లేకపోవడం నా తప్పు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే చాలా ‘వాటంతటవే’ల గుట్టు విడిపోతుంది. కంప్యూటరుకు ఐపీ అడ్రస్, గేట్‌వే, సైట్ల పేర్లకు అంకెల అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్ వంటివి మనం చేత్తో రాయకపోతే, డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో అది వాటిని నెట్‌వర్క్ నుంచి అడిగి తెచ్చుకుంటుంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న ఆ ప్రమాణం 1997 నాటిది. ఆన్ కాగానే కంప్యూటరు, “నాకు అడ్రస్ ఎవరైనా ఇస్తారా?” అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అడుగుతుంది. సాధారణంగా ముందు ఎవరు జవాబిస్తే వారిని నమ్ముతుంది. ఊరికి కొత్తగా వచ్చి బస్సు దిగినవాడు, మొదట చెయ్యి చూపినవాడి వెంట నడిచినట్టే ఇది. జవాబిచ్చినది అసలు రౌటరా, బీరువా వెనుక దాగిన పెట్టెనా అని చూసే ఏర్పాటు మాలాంటి కార్యాలయాల్లో వాడే మామూలు స్విచ్‌లలో ఉండదు. కంప్యూటరుకు ఇచ్చిన అడ్రస్‌కు ఒక గడువు కూడా ఉంటుంది. కొన్ని రౌటర్లలో రెండు గంటలు, కొన్నింటిలో ఒక రోజు. గడువు సగం గడిచాక, నడుస్తూ ఉన్న కంప్యూటరు తనకు అడ్రస్ ఇచ్చిన రౌటర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటుంది. అందుకే రాత్రంతా ఆన్‌లో ఉన్న మా కంప్యూటర్లు చెక్కుచెదరలేదు. పొద్దున వచ్చి ఆన్ చేసిన మూడు మాత్రం అందరికీ వినపడేలా అడిగి, తప్పు పెట్టె చేతిలో పడ్డాయి. ఒకే గదిలో కొన్ని బాగుండి కొన్ని పాడవడం చూసి, పాడైనవాటిలోనే లోపం ఉందని మేము అనుకోవడం ఎంత సహజమో, అంత పొరపాటు.

ఆ రౌటర్ తీగ పీకి, మూడు కంప్యూటర్లలోనూ ఐపీకాన్ఫిగ్ పక్కన రిలీజ్ అని ఒకసారి, రెన్యూ అని మరోసారి కొట్టాను. 10 నిమిషాలు కూడా పట్టలేదు. 20వ తేదీ రాత్రిలోగా రిటర్నులన్నీ దాఖలయ్యాయి. అదే రౌటర్‌ను వైఫై కోసం వాడుకోవడంలో తప్పు లేదు. దాని డీహెచ్‌సీపీని ఆపేసి, దాని సొంత అడ్రస్‌ను అసలు రౌటర్ వరుసలోకి, మరే పరికరానికీ లేని అంకెకు మార్చి తగిలిస్తే చాలు. ఇప్పుడు అలాగే వాడుతున్నాము.

మన నగరంలో కంప్యూటరు మొరాయిస్తే సీపీయూను ఆటోలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయానికి తీసుకెళ్లడం పాత అలవాటు. అక్కడి పనితనం మీద నాకు గౌరవం ఉంది. నా మొదటి కంప్యూటరును అక్కడే కొన్నాను. కానీ ఇలాంటి రోగానికి ఆ ప్రయాణం పనికిరాదు. కంప్యూటరు కార్యాలయం దాటగానే మంచి నెట్‌వర్క్‌లో పడి చక్కగా పనిచేస్తుంది, దుకాణంలో ఏ లోపమూ కనపడదు, తిరిగి తెచ్చి తగిలించగానే మళ్లీ అదే గొడవ. అలా బయట బాగా పనిచేసి లోపల పనిచేయకపోవడమే అసలు ఆధారం. దాన్ని విసుగుతో పక్కన పెట్టకూడదు.

కాగితం మీద రెండు గళ్లు గీసి పోల్చే పద్ధతి ఆ తరువాత కూడా మాకు పనికొచ్చింది. ఒక కంప్యూటరులో అడ్రస్ 169.254తో మొదలైందంటే, అడిగినా ఎవరూ జవాబివ్వక విండోస్ తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం. అక్కడ తీగనో, స్విచ్‌నో, రౌటర్‌నో చూడాలి, సెట్టింగులను కాదు. రెండు కంప్యూటర్లకు ఒకే అడ్రస్ వచ్చిందని గొడవ లేస్తే, ఎక్కువసార్లు సర్వర్‌కు చేత్తో రాసిన అడ్రస్‌నే రౌటర్ ఎవరి ఫోన్‌కో ఇచ్చి ఉంటుంది. సర్వర్‌కు 192.168.1.10 అని రాసుకుని, రౌటర్‌ను 2 నుంచి 254 దాకా ఏ అంకెనైనా పంచుకోనిస్తే ఏదో ఒక రోజు ఆ తాకిడి తప్పదు. పంచే అంకెలను 100 నుంచి మొదలుపెట్టమని రౌటర్‌కు చెప్పి, అంతకు లోపలి అంకెలను సర్వర్‌కు, ప్రింటర్‌కు, హాజరు యంత్రానికి ఉంచుకోవాలి. ఫలానా యంత్రానికి ఫలానా అంకె అని రౌటర్‌లోనే కేటాయించుకున్నవారు, ఆ కంప్యూటరు వైఫై మీద నడుస్తుంటే విండోస్‌లో రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అనే సదుపాయం ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అది ఆన్‌లో ఉంటే కంప్యూటరు వేరే పేరుతో వచ్చినట్టు లెక్క. రౌటర్ దాన్ని గుర్తుపట్టదు.

తాత్కాలికంగా చేసి మరిచిపోయిన మార్పులు మరో పెద్ద వర్గం. హాట్‌స్పాట్ రోజుల్లో ఎవరో డీఎన్‌ఎస్ అడ్రస్‌ను చేత్తో 8.8.8.8 అని రాసి వదిలేస్తారు. దానివల్ల నెట్ ఆగదు గానీ, పేరు పెట్టి పిలిస్తే పలికే సర్వర్లు కొన్ని కార్యాలయాల్లో పలకవు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో చార్జింగ్‌కు పెట్టినప్పుడు, ఫోన్ నెట్‌ను కంప్యూటరుకు పంచే టెథరింగ్ ఆన్‌లో ఉండిపోతే, కంప్యూటరుకు నెట్‌కు వెళ్లడానికి రెండు దారులు ఏర్పడతాయి. అది ఆఫీసు దారి వదిలి ఫోన్ దారి పట్టవచ్చు. రౌటర్‌ను మార్చినప్పుడు విండోస్ దాన్ని కొత్త చోటుగా భావించి పబ్లిక్ నెట్‌వర్క్ అని గుర్తు పెట్టుకోవచ్చు. నెట్ కనెక్షన్ మార్చుకున్న రోజే షేరింగ్ పోయిందంటే ముందు అది చూడాలి.

బ్రౌజర్ ఎవరి మీదుగా నెట్‌కు వెళ్లాలో చెప్పే ప్రాక్సీ సెట్టింగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దస్తావేజులు రాసే నా మిత్రుడి కార్యాలయంలో అది మూడుసార్లు తిరగబెట్టింది. బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకునేది కాదు. ఐపీ అడ్రస్, గేట్‌వే అన్నీ సరిగానే ఉండేవి. విండోస్ ప్రాక్సీ సెట్టింగుల్లో 127.0.0.1 అని, పక్కన ఒక పోర్టు అంకె రాసి ఉండేది. 127.0.0.1 అంటే ఆ కంప్యూటరుకు తానే. అంటే బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థనా ముందు అదే కంప్యూటరులో నడిచే ఏదో ప్రోగ్రాము చేతిలోంచి వెళ్లాలన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లు, కొన్ని పనికొచ్చే ప్రోగ్రాములు కూడా ఇలా చేస్తాయి, కానీ వాటిని తీసేసినప్పుడు ఆ వరుస మిగిలిపోతే నెట్ ఆగుతుంది. మిత్రుడి విషయంలో అది ఉచితంగా దించుకున్న ఒక పీడీఎఫ్ మార్పిడి ప్రోగ్రాముతో వెంట వచ్చింది. ప్రాక్సీని ఆఫ్ చేస్తే ఆ పూటకు పనిచేసేది. కంప్యూటరు మళ్లీ ఆన్ కాగానే ఆ ప్రోగ్రాము తిరిగి రాసేది. ఆ ప్రోగ్రామును కనుక్కుని తీసేసి, పూర్తి స్కాన్ చేయించిన తరువాతే అది ఆగింది.

ఇక్కడ మాత్రం నేను తొందరపాటును సమర్థిస్తాను. ప్రాక్సీ గానీ, డీఎన్‌ఎస్ గానీ, ఏ సైటు పేరుకు ఏ అడ్రస్ అన్నది రాసుకునే హోస్ట్స్ అనే విండోస్‌లోని చిన్న ఫైలు గానీ మనకు తెలియకుండా మారిందంటే దాన్ని దొంగతనంగానే అనుమానించాలి. వాటిని మార్చగలిగినవాడు, మనం బ్యాంకు పేరు కొట్టినప్పుడు మనల్ని తన పేజీకి తీసుకెళ్లగలడు. ఇది ఊహ కాదు. డీఎన్‌ఎస్‌ఛేంజర్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) 100కు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్లలోకి చేరి, వాటి డీఎన్‌ఎస్ అడ్రస్‌లను నేరగాళ్ల సర్వర్లకు మళ్లించింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ దర్యాప్తు ఫలితంగా ఎస్తోనియాలో ఆరుగురిని పట్టుకున్నారు. ఆ సర్వర్లను వెంటనే ఆపితే లక్షలాది కంప్యూటర్లకు నెట్ పోతుంది కాబట్టి, వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జులై 9 దాకా నడిపారు. అంటే అన్ని నెలల పాటు, తమ సెట్టింగు మారిందన్న సంగతే తెలియని వారు అంతమంది ఉన్నారు. అది కంప్యూటర్లతో ఆగలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డు మార్చని చిన్న రౌటర్లలోకీ వెళ్లి వాటి డీఎన్‌ఎస్‌ను కూడా మార్చింది. రౌటరే మారిపోతే కార్యాలయంలోని ప్రతి కంప్యూటరూ, ప్రతి ఫోనూ దాని దగ్గర తప్పుడు డీఎన్‌ఎస్ తెచ్చుకుంటాయి. ఎన్ని కంప్యూటర్లు ఫార్మాట్ చేసినా ఫలితం ఉండదు. మీ కార్యాలయంలో అడ్మిన్, అడ్మిన్ అని కొడితే రౌటర్ తెరుచుకుంటుందేమో దయచేసి ఈ రోజే చూడండి.

అనుమానం వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా చాలామందికి తెలియదు. సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 ఫిబ్రవరి నుంచి మాల్‌వేర్ తొలగించే పరికరాలను ఉచితంగా ఇస్తోంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సంస్థలు సైబర్ దాడులను గుర్తించిన 6 గంటలలోపు తెలియజేయాలి. ఆ సమయానికి మన దగ్గర ఏ సెట్టింగు ఎప్పుడు మారిందన్న ఆధారం ఉండాలి. ఫార్మాట్ కొట్టించడం ఆ ఆధారాన్నే ముందు తుడిచేస్తుంది.

ఆ ఆధారం కంప్యూటరులోనే దొరుకుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ అనే లాగ్ తెరిస్తే, కంప్యూటరు ఏ తేదీన, ఎన్ని గంటలకు ఏ నెట్‌వర్క్‌లో చేరిందో, ఎప్పుడు విడిపోయిందో వరుసగా ఉంటుంది. చేరినదానికి అంకె 10000, విడిపోయినదానికి 10001. రిలయబిలిటీ మానిటర్‌లో ఏ రోజు ఏ ప్రోగ్రాము ఎక్కింది, ఏ అప్‌డేట్ వచ్చింది అన్నది తేదీల వారీగా కనిపిస్తుంది. మాది మంగళవారం నుంచి రావడం లేదు అన్నప్పుడు, ఆ మంగళవారం ఏం జరిగిందో అక్కడ వెతకవచ్చు. ఒక్కోసారి మన సెట్టింగు మారకపోయినా, అప్‌డేట్ నియమాన్నే మారుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి చాలా కార్యాలయాలు విండోస్ 11కు మారాయి. దాని 24హెచ్2 వెర్షన్ ప్రో కంప్యూటర్లలో, పాస్‌వర్డు లేకుండా అతిథిగా తెరిచే షేర్డ్ ఫోల్డర్లను మొదటి నుంచే ఒప్పుకోదు. నెట్‌వర్క్‌కు తగిలించిన పాత హార్డ్ డిస్క్ పెట్టెలో బ్యాకప్ ఉంచుకునేవారికి ఆ పెట్టె ఉన్నట్టుండి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. దానికి పరిష్కారం ఆ భద్రతను తీసేయడం కాదు, ఆ ఫోల్డర్‌కు యూజర్ పేరు, పాస్‌వర్డు పెట్టుకోవడం.

ఇక నా విన్నపాలు. నెట్ కనెక్షన్ ఇచ్చేవారూ, మరమ్మతుకు వచ్చేవారూ పని ముగించి వెళ్లేటప్పుడు, తాము ఏ సెట్టింగును దేని నుంచి దేనికి మార్చారో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. రౌటర్ పాస్‌వర్డు యజమాని చేతిలో ఉండాలి. డబ్బు కట్టి కొనుక్కున్న రౌటర్‌లోకి వెళ్లడానికి నేను మూడు ఫోన్లు చేసి బతిమాలవలసి వచ్చింది. అది న్యాయం కాదు. కరెంటు పనిచేసేవాడు ఏ స్విచ్ ఏ ఫ్యానుదో చెప్పకుండా వెళ్లిపోతే మనం ఊరుకోము కదా. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల్లో పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌లు నడపడం నేర్పుతున్నారు. ఏడు కంప్యూటర్ల కార్యాలయాన్ని చూసుకునే గుమాస్తా కోసం, తెలుగులో, ఒక ఆదివారం తరగతి పెడితే నేను మా వాళ్లందరినీ ఫీజు కట్టి పంపుతాను. మీ పత్రికలో ఇటువంటి విషయాలను బొమ్మలతో వివరించే శీర్షిక ఒకటి నడపవలసిందిగా కూడా కోరుతున్నాను. ఈ జ్ఞానమంతా ఇంగ్లిష్‌లోనే ఉండడం వల్ల, ప్రతి చిన్న మార్పుకూ మా ఉద్యోగులు భయపడి ఎవరికో ఫోన్ చేస్తున్నారు.

మా కార్యాలయంలో ఇప్పుడు ఒక పాత పద్దు పుస్తకం ఈ పనికే కేటాయించాము. మొదటి పేజీలో ప్రతి కంప్యూటరు పేరు, ఐపీ అడ్రస్, గేట్‌వే, డీఎన్‌ఎస్, అది చేత్తో రాసినదా, రౌటర్ ఇచ్చినదా అన్నది ఉంటుంది. తరువాతి పేజీల్లో తేదీ, మార్చినవారి పేరు, మార్పు, కారణం రాస్తాము. కొత్త పెట్టె ఏది తగిలించినా ముందు అందులో రాయాలి. పుస్తకం స్విచ్ పక్కనే మేకుకు వేలాడుతోంది. పాస్‌వర్డులు అందులో రాయలేదు. అవి సీలు వేసిన కవరులో బీరువాలో ఉన్నాయి. నిన్న సాయంత్రం, బీరువా వెనుక రౌటర్ తగిలించిన ఉద్యోగే కొత్త ప్రింటర్ అడ్రస్‌ను అందులో రాసి, కింద సంతకం చేశారు.

భవదీయుడు,
ఒక చిన్న పద్దుల కార్యాలయ నిర్వాహకుడు,
నారాయణగూడ, హైదరాబాద్